పోయొస్తం అనే ముందు

మొదాలు నా తప్పు చెప్త. తర్వాత ఆ తప్పును దిద్దుకోనీకి నేనేం చేసిన్నో చెప్త. దిద్దుకున్నందుకు నన్ను మీది అంతస్తు నుంచి కిందికి దింపిన్రు, అది గూడ చెప్త. కని ఒక్క మాట ముందే చెప్పి పెడుతున్న: గా పొద్దు మళ్ల వస్తే మళ్ల గట్లనే చేస్త. ఎవ్వలకు భయపడేది లేదు.

జహీరాబాద్‌ల బస్టాండు ఎనుక గల్లీల రెండంతస్తుల ఇల్లు మా ఆఫీసు. కింద జొన్నలు, కొర్రలు, కందిపప్పు చెరిగి, సంచులల్ల నింపి పట్నానికి, పుణెకు, బెంగుళూరుకు పంపుతరు. మీద నాలుగు కంప్యూటర్లు. నేను ఝరాసంగం దిక్కు ఊరిదాన్ని. మా నాయన పండించేది గూడ జొన్నలే. డిగ్రీ అయినంక రోజూ షేర్ ఆటోల ఒకరి ఒళ్లె ఒకరం కూసున్నట్టు కూసోని వచ్చి, మీది అంతస్తుల కిటికీ పక్క కుర్సీల కూసునేదాన్ని. ఆ కుర్సీ అంటే నాకు మస్తు గర్వం. మా అమ్మ ఊరంత చెప్పుకున్నది, నా బిడ్డ ఫ్యాను కింద కూసునే పని చేస్తదని.

మా సార్ కోస్తా దిక్కాయన. ఇక్కడ ఒక ఫ్యాక్టరీకి ఇంజనీరుగ వచ్చి, కొన్నేండ్లు చేసి, ఆ నౌకరి ఇడిసిపెట్టి ఈ కంపెనీ పెట్టిండు. మనిషి మంచోడే. పండుగకు అందరికి బట్టలు పెడతడు, దవాఖానకు పోవాలంటే బండి ఇస్తడు. కని ఒక పని ఎట్ల జరగాలెనో కాయిదం మీద గీసి పెట్టుకున్నడంటే, దేవుడు దిగొచ్చి చెప్పినా ఆ గీత చెరపడు.

నా పని మెయిళ్లు రాసుడు. ఒక్కొక్కలకు కూసోని రాసుడు కాదు. ఒక్కసారి రాసి పెడితే మిషనే అందరికి పంపుతది. ఎవరన్న జొన్నలు కొన్నరనుకో, అదే రోజు ఒక మెయిల్ పోతది, మీ మూట బయల్దేరింది అని. మూడు రోజులకు ఇంకోటి, రొట్టె పగలకుండ ఎట్ల తట్టాలె అని. ఇరువై రోజులకు ఇంకోటి, జొన్నలు అయిపోయినయా అని. అప్పటికీ కొనకపోతే ఇంకోటి. కంప్యూటర్ తెర మీద ఇవన్ని డబ్బలు. డబ్బకు డబ్బకు నడుమ బాణాలు, ఇది అయినంక అది, అది అయినంక ఇది. దాన్ని మేం ఫ్లో అంటుంటిమి. పట్నంల ఉండే ఒక కన్సల్టెంటు గీసిచ్చిండు దాన్ని. నాకు పెట్టిన పని డబ్బలల్ల మాటలు నింపుడు.

ఆ మాటల కాడనే సార్‌తోని నా మొదటి పంచాయితి. నేను నా భాషల రాసిన. ఆయన చదివి, కండ్లద్దాలు తీసి, "అమ్మాయ్, ఇదేం తెలుగమ్మా?" అన్నడు. పోయొస్తం అని ఎవరు రాస్తారు, వెళ్ళొస్తాం అని రాయాలి అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొనేటోళ్లు ఎవరు సార్, ఈ దిక్కుకెంచి పోయి పట్నంల బతికేటోళ్లే కద, వాళ్లకు వాళ్ల అమ్మ మాట్లాడినట్టు ఉంటెనే కద మెయిల్ తెరుస్తరు, పుస్తకంల మాట రాస్తే కరెంటు బిల్లు అనుకుంటరు అని వారం రోజులు కొట్లాడిన. ఆఖరికి విసుగొచ్చి ఒక నెల చూద్దాం అన్నడు.

నెల గడవకముందే జనం ఫోన్లు చేసి మరీ చెప్పిన్రు, మెయిల్ చదువుతుంటే మా పెద్దవ్వ మాట ఇన్నట్టుంది అని. సార్ ఇగ ఏమనలే. నా నెత్తి గోపురమెక్కి కూసున్నది. ప్రతి మెయిల్ ఆఖర్న ఒక్కటే మాట పెట్టిన, పోయొస్తం అని. ఎవరింట్ల కూసోని చాయ తాగి లేచినా మా దిక్కు పోత అనరు కద, పోయొస్త అంటరు. పోత అంటే అపశకునం. ఇగ కొనుడు బంద్ చేసినోళ్లకు పోయే మెయిల్‌కు పేరు ముంగట పెట్టి ఒక మాట అడిగిన: మా మీద అలిగిన్రా? దాన్ని చూసుకోని నాకు నేనే నవ్వుకున్న.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. నేను చిన్నగున్నప్పుడు మా పక్కింటి పెద్దనాయన సచ్చిపోయిండు. అమ్మతోని పలకరియ్యనీకి పోయిన. లేచి వచ్చేటప్పుడు, అలవాటు కద, పోయొస్త పెద్దమ్మా అన్న. అమ్మ నా తొడ పట్టి గట్టిగ గిచ్చింది. సావు ఇంట్ల కెంచి లేచేటప్పుడు ఏమీ అనొద్దు, ఊకె లేచి రావాలె. మళ్ల వస్త అన్నవంటే మళ్ల గసుంటి పనికే వస్తా అన్నట్టు. తొడ మీద ఆ నల్లమచ్చ నాలుగు రోజులు ఉండె. గా మచ్చ నాకు యాదికి ఉంది కని, మెయిళ్లు రాసేటప్పుడు మాత్రం యాదికి రాలే.

ఒకరోజు మధ్యాహ్నం ఫ్లో నడిపే సాఫ్ట్‌వేర్ నన్ను బయటికి నూకేసింది. మళ్ల లోపలికి పోవాలంటే ఓటీపీ కావాలన్నది. ఓటీపీ ఎటు పోయింది అంటే, మా మెయిళ్లు ఏ అడ్రసు కెంచి పోతయో ఆ ఇన్‌బాక్స్‌కు. దాన్ని ఎవ్వలు తెరిచి చూసినోళ్లు లేరు. అది మెయిళ్లు పోయే తొవ్వనే, వచ్చే తొవ్వ కాదని మా అందరి లెక్క. పాస్‌వర్డు సార్ టేబుల్ అద్దం కింద చిట్టీ మీద ఉంటే చూసి కొట్టిన.

తెరిస్తే ఏమున్నది, నెలల కొద్దీ జనం రాసిన జవాబులు. ఒకాయన ఇల్లు మారినం, ఆ అడ్రసుకు పంపకున్రి అంటడు. ఒకామె ఈసారి కొర్రలల్ల రాళ్లొచ్చినయి అంటది. ఇంకొకలు రొట్టె మీరు చెప్పినట్టు తట్టితే పగిలింది, మా అత్త చెప్పినట్టు తట్టితే మంచిగొచ్చింది అని రాసిన్రు. మేం అడుగుతనే ఉన్నం, వాళ్లు చెప్తనే ఉన్నరు, నడుమ ఇనేటోడే లేడు.

గా జవాబులల్ల మూడు ఒక్క అడ్రసు కెంచి ఉన్నయి. న్యాల్‌కల్ దిక్కు కెంచి పోయి పట్నంల ఉంటున్న ఒక పెద్దమనిషి పేరు మీద వచ్చిన ఆర్డరు అది. షుగర్ ఉన్నది, పచ్చజొన్నలు పంపున్రి అని ఆయననే రాసుకున్నడు అప్పుడు. జవాబులు మాత్రం ఆయన రాసినయి కావు, ఆయన భార్య రాసినయి. మొదటిదాంట్ల: "ఆయన లేడు బిడ్డా. ఇగ పంపకున్రి." రెండోదాంట్ల: "ఆయన పోయి పన్నెండు దినాలు. అలిగిన్రా అని అడుగుతున్రు. ఎవరు అలిగిన్రు?" మూడోదాంట్ల:

"సచ్చిన ఇంట్ల పోయొస్తం అంటరా? మీరు మా దిక్కోళ్లే అనుకున్న."

పెదవి దాటితే పృథివి దాటుతది అంటరు. నా మాట పోయి ఆమె గడపల కూసున్నది. సార్ చెప్పినట్టు వెళ్ళొస్తాం అని రాసి ఉంటే ఆమె ఏదో కంపెనీ మాట అనుకోని ఇడిసిపెట్టేది, ఇంత తగిలేది కాదు. మనోళ్లు అనుకున్నది కాబట్టే తగిలింది. కొట్లాడి మరీ పెట్టించిన మాట కద అది.

లిస్టు తెరిచి ఆయన పేరు తీసేసిన. సాయంత్రం పోయే ముందు చూస్తే పేరు మళ్ల వచ్చి కూసున్నది. మళ్ల తీసిన, మళ్ల వచ్చింది. అప్పుడు ఫ్లోను కింది కెంచి మీదికి చదివిన. ఎవరన్న మెయిల్ తెరిస్తే మిషన్ మార్కులు ఏస్తది. జవాబు రాస్తే ఇంకా ఎక్కువ మార్కులు. మార్కులు ఎక్కువైతే మనిషిని హాట్ లిస్ట్‌ల కలుపుతది, హాట్ లిస్టోళ్లకు ఇంకిన్ని మెయిళ్లు పంపుతది. ఆ తల్లి వద్దు వద్దు అని రాసినకొద్దీ, ఈమెకు మా జొన్నల మీద మస్తు ప్రేమ, మస్తు పావురం అని మిషన్‌కు అర్థమైంది. మూలిగే నక్క మీద తాటిపండు అంటే గిదే. ఆపమని నొక్కే లింకు మెయిల్ అడుగున ఉంది, ఇంగ్లీషుల, చీమ తలకాయంత. పెద్దామె కండ్లకు అది ఎట్ల కానొస్తది?

తెల్లారి పది గంటలకు కొత్త పంట మెయిల్ పోయేది ఉంది. హాట్ లిస్ట్ అందరికి. పైన పేరు, పేరు పక్కన నేను రాసిన మాట: గారూ, మీ ఇంటికి వస్తున్నం. సచ్చిన మనిషి పేరు మీద నాలుగోసారి ఆ ఇంటికి పోతది. ఒక్కటే ఉపాయం. జవాబు వచ్చిందా అని చూసే డబ్బ ఒకటి కొత్తగ పెట్టాలె, దాన్ని మార్కుల డబ్బకు ముంగట పెట్టాలె. జవాబు ఉంటే ఫ్లో ఆగాలె, ఆ జవాబు ఒక మనిషి చదవాలె. అంతే.

సార్ దగ్గరికి పోయి మొత్తం చెప్పిన. ఆయన పాపం అన్నడు, నిజంగనే అన్నడు. కని ఫ్లో ముట్టొద్దు అన్నడు. కన్సల్టెంటుకు వీడియో కాల్ చేస్తే, జవాబులు రావుడు మంచి లక్షణం, దాన్ని ఎంగేజ్‌మెంట్ అంటరు, పంట సీజన్ నడుమ స్టెప్పులు అటిటు చేస్తే లోపల ఉన్నోళ్లంత చెదిరిపోతరు, సీజన్ అయినంక చూద్దాం అని ఆయన నాకు పాఠం చెప్పిండు. చెప్పేటోనికి ఇనేటోడు లోకువ. సీజన్ అయ్యేదాక ఆమె ఎన్నిసార్లు ఏడ్వాలె అని అడిగిన. ఆయనకు సమజ్ కాలే. ఇగ ముచ్చటేందంటే, పోయొస్తం అన్న మాటను అయితే తీయొద్దు, జనం తెరిచేది దానికే అని సార్ ఇప్పుడు నా మాట తరఫున నాతోనే కొట్లాడుతున్నడు.

కోపంల ఇంటికి పోయిన. ఇంట్ల మా చిన్నాయన బిడ్డ పెండ్లి పిలుపులకు అమ్మ తయారైతున్నది. కుంకుమ బరిణె చేతుల పట్టుకున్నది, కని గడప దాటలే. పక్కింటామెను పిలిచి అడుగుతున్నది: ఆ మూల ఇంటోళ్ల సూతకం తీరిందా, కిందింటోళ్ల ముసలమ్మ దవాఖాన కెంచి వచ్చిందా, ఎవరింట్ల ఏమున్నది. అన్ని అడిగినంకనే కాలు బయట పెట్టింది. మా అమ్మ సంతకం చేయనేర్చింది నేను డిగ్రీల ఉన్నప్పుడు. అయినా ముందుగాల అడిగి ఆ తర్వాత తలుపు కొట్టాలె అన్నది ఆమెకు తెలుసు. పట్నంల కూసున్న అంత చదివినాయనకు తెల్వదు, నాకు తెలిసీ సోయి లేదు.

తెల్లారి మొదటి ఆటోకు వచ్చిన. ప్యాకింగ్ ఆడోళ్లు గూడ ఇంకా రాలే. వాచ్‌మన్ తాత తాళం తీసి ఇంత పొద్దుగాల ఏంది బిడ్డా అంటే, బొట్టు పెట్టనీకి పోయే ముందు జర అడిగేది ఉంది తాతా అన్న. ఆయనకేం అర్థమైందో, తల ఊపిండు.

ఫ్లోను ఆపి పెట్టిన. జవాబు డబ్బ చేసి, బాణాలు తెంపి, దాన్ని ఎత్తుకపోయి అన్నింటికన్నా మీద పెట్టిన. దాని కెంచి రెండు బాణాలు. జవాబు లేదు అంటే కిందికి, మార్కులకు, మెయిల్‌కు. జవాబు ఉంది అంటే పక్కకు, అక్కడ ఆగుడే. ఆ జవాబు ఎవరికి చూపాలె అని అడిగింది సాఫ్ట్‌వేర్. ఎవరి పేరు పెట్టాలె? చదివేటోళ్లు ఇంకెవరున్నరు? నా మెయిల్ అడ్రసు కొట్టిన. అలిగిన్రా అన్న డబ్బను ఎత్తి చెత్తల ఏసిన. పోయొస్తం అన్నదాన్ని మాత్రం ఉంచిన. అది మంచి మాట, అడగకుండ చెప్పుడే తప్పు. ఆ పెద్దాయన పేరు తీసేసి, చాయ తాగి వచ్చి చూసిన. రాలే. ఇంకోసారి చూసిన. రాలే. నడిపియ్ అన్న బటన్ నొక్కిన. పది గంటలకు కొత్త పంట మెయిల్ పోయింది, ఆ ఇంటికి పోలే.

పదకొండింటికి సార్ వచ్చి రిపోర్టు చూసిండు. జవాబు రాసినోళ్లంత పక్కకు పోయి లిస్టు చిన్నగైంది. నన్ను పిలిచిండు.

"ఎవరిని అడిగి మార్చావు?"

"ఎవల్ని అడగలే సార్. అడిగితే వద్దన్నరు కద."

ఆయన ముఖం ఎర్రబడ్డది. ఇది ఆయన కంపెనీ అన్నడు, నేను నౌకరి చేయనీకి వచ్చినదాన్ని అన్నడు, ఎప్పటి లెక్క పెట్టెయ్యి అన్నడు. పెట్టను అన్న. ఫోన్ల ఆమె మూడో జవాబు తీసి పైకి చదివిన. చదివి ఆయనను ఒక్కటే అడిగిన.

"సార్, మీ దిక్కు చావు ఇంట్ల కెంచి లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్తరా?"

ఆయన కిటికీ దిక్కు చూసిండు. కింద గల్లీల జొన్నల ఆటో అన్‌లోడ్ అయితుండె. "చెప్పరు," అన్నడు. ఆయనకు వాళ్లింట్ల ఎవరు యాదికొచ్చిన్రో నాకు తెల్వదు, నేను అడగలే. ఆ తర్వాత నా దిక్కు తిరిగిండు. అయినా నన్ను దాటి చేశావు, రేపట్నుంచి కింద ప్యాకింగులో కూర్చో అన్నడు.

"కూసుంట సార్. కని ఆ డబ్బను ఎవరన్న కదిలిస్తే మళ్ల మీదికొస్త."

ఆ కుర్సీల కూసోని ఆఖరి పని ఒకటి చేసిన. ఆ తల్లికి నా చేతులతోని రాసిన. అమ్మా, ఆ మాటలు మిషన్ రాయలే, నేను రాసిన, తప్పు నాది, ఇగ మా దిక్కు కెంచి మీకు ఏమీ రాదు. గంతే. ఆఖర్న ఇట్లు అని రాయలే, పేరు రాయలే, దండం గూడ పెట్టలే. ఏ మాటా అనకుండ లేచి వచ్చినట్టు ఆపేసిన. ఇంటికి పోయి కింద పని అని చెప్తే అమ్మ ఎందుకు అని అడిగింది. మొత్తం చెప్పిన. ఇన్నది, ఇని, గప్పుడు గిచ్చింది పనికొచ్చిందే అన్నది.

కింద పని చెమట పని. జొన్న దుమ్ము ముక్కుల పోతది, గొంతుల పోతది, తల దువ్వితే రాలుతది. మొదటి వారం ప్యాకింగ్ అక్కలు నన్ను మస్తు ఆడుకున్నరు. కంప్యూటరమ్మకు సుతిలి తాడు ముడి ఎయ్యరాదు అని ఒకామె, మీద ఉన్నప్పుడు మెట్లెక్కుకుంట మమ్మల్ని ఒక్కసారన్న చూసినవా అని ఒకామె. నిజమే, చూడలే. ముడి నేర్చుకున్న. ఏడుపొచ్చిన రోజులు ఉన్నయి, లేవని అబద్ధం చెప్పను. మీది కుర్సీల కొత్తామె కూసున్నది. మెట్ల మీద ఆమె ఎదురైనప్పుడల్ల తల దించుకోవద్దని గట్టిగ అనుకుంటుంటి, దించలే.

సార్ ఆ డబ్బను కదిలియ్యలే. దాంట్ల నా అడ్రసు తీసేసుడు గూడ మర్చిపోయిన్రు, లేక ఆ తలనొప్పి ఇంకెవరికి వద్దనుకున్నరు. జవాబులు నా ఫోన్‌కే వస్తుండె. చాయ టైముల మూటల మీద కూసోని ఒక్కొక్కలకు రాస్తుంటి. కొర్రలల్ల రాళ్లు అని రాసినామె జవాబును చెరిగే అక్కకు చదివి ఇనిపిస్తే, అదేం చెరుగుడు, నేనే ఆ రోజు జరమొచ్చి రాలే అన్నది. ఇది మా పని కాదు కద అని ఎవరన్న అంటే, మీద ఉన్నోళ్లు ఇనకపోతే కింద ఉన్నోళ్లు ఇంటరు అని చెప్పేదాన్ని.

ఇంచుమించు ఏడాది అయింది. మళ్ల కొత్త పంట వచ్చింది. ఒకరోజు పచ్చజొన్నలు తూకం ఏస్తుంటే కొంగుల పెట్టుకున్న ఫోన్ మోగింది. చేతులు తుడుచుకోని తీసిన. ఆ అడ్రసే. నేను ఏడాది కింద రాసిన మెయిల్‌కు జవాబు.

"సంవత్సరీకం అయింది బిడ్డా. జొన్నలు అయిపోయినయి. నాకు గూడ షుగర్ వచ్చిందన్నరు. ఆయన పేరు తీసి నా పేరు మీద పంపు. ఆ రోజు ఏమనకుండ లేచిపోయినవు. మా దిక్కుదానివే."

తూకంల ఉన్న సంచిని దించి ఇంకో పిడికెడు ఎక్కువ ఏసిన. అక్కలు చూసిన్రు. మూతి కుట్టి, సుతిలి ముడి గట్టిగ ఏసి, ఆమె పేరు రాసిన. మీద చెప్పలే, ఎవల్ని అడగలే. లోపల పెట్టే చిట్టీ మీద పెన్నుతోని ఒక్కటే మాట రాసిన.

పోయొస్తం.